చెట్టు మీద మౌనం

అబకోరో దీవికి ఎవరైనా చరిత్ర రాయబూనితే దాన్ని రెండు యుగాలుగా విడగొట్టక తప్పదు. ఉపదేశి ఇయోతెబా నోరు మూసుకుని కల్లు గీసిన కాలం మొదటిది. నోరు తెరిచి గీసిన కాలం రెండోది. అంతకుముందు జరిగిన యుద్ధాలూ తుపానులూ తెల్లవాళ్ల ఓడలూ పీఠికలో సర్దుకోవచ్చు.

కొబ్బరిచెట్టెక్కి కల్లు గీసే మగవాడు పాడాలి. పాట ఏదైనా ఫర్వాలేదు, గొంతు మాత్రం బావి దాకా వినబడాలి. పైన మగవాడున్నాడని కింద నీళ్లు పోసుకునే ఆడవాళ్లకు తెలియాలి కదా. పాడకుండా పైన కూచున్నవాడు రెండు పనుల్లో ఒకటి చేస్తున్నట్టు లెక్క. దొంగచూపులు చూస్తుంటే తిట్టి వదిలేస్తారు. పెదవి కదపకుండా ఎవరి మీదో మంత్రం వేస్తుంటే వదలరు.

ఇయోతెబాకు ఇరవై రెండేళ్లు. పసితనంలోనే బేరు దీవిలోని మిషను బడిలో చేరి, చదువు ముగించుకుని, బైబిలూ దోమతెరా ఒక మందుల పెట్టే పట్టుకుని ఇక్కడ ఓడ దిగాడు. ఊరు అతనికి ఒక ఇల్లూ ఒక చెట్టూ కేటాయించింది. తన తీపికల్లు తాను గీసుకోలేనివాడు మగవాడే కాదు గనుక రోజూ పొద్దునా సాయంత్రమూ ఎక్కేవాడు, పొత్తి కొస పలచగా కోసేవాడు, చిప్ప మార్చేవాడు, దిగేవాడు. ఒక్క కూనిరాగం లేదు.

కారణం భక్తి కాదు, మంత్రం అంతకన్నా కాదు. అతనికి చెట్టంటే భయం. బడిలో కల్లు వంటవాడు గీసి తెచ్చేవాడు. ఇక్కడ మొదటి గాటు మీద కాలు పెట్టగానే నాలుక అంగిలికి అతుక్కుపోయేది. పైకి చేరాక మట్టను కావలించుకుని లోలోపల ఒకటే ప్రార్థన చేసేవాడు: ప్రభువా, దించు. ఆదాము పతనం మీద అతను చేసే ప్రసంగానికి దీవిలో మంచి పేరుంది. పతనం అనే మాట దగ్గర నిజంగానే వణికేవాడు.

ఈ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేడు. మంత్రగాణ్ణి చూస్తే జనం భయపడతారు. చెట్టంటే భయపడేవాణ్ణి చూస్తే నవ్వుతారు, ఆదివారం ప్రసంగం మధ్యలో కూడా.

అలా ఉండగా ఊరి పెద్ద కమౌవా జబ్బుపడి చాప పట్టాడు. ఊరి సభ కూడే మనియాబాలో ఆయన నోరు విప్పేదాకా మిగతా పెద్దలు దగ్గను కూడా దగ్గరు. కడుపు ఉబ్బి డోలులా అయింది. మెతుకు దిగటం లేదు. "ఉపదేశి చెట్టు కిందగా వచ్చాను. పైన కత్తి చప్పుడైంది, పాట లేదు. తెల్లారేసరికి ఇలా అయ్యాను," అన్నాడాయన. అంతకుమించిన సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఇయోతెబాకు వండిపెట్టే ముసలమ్మ నేయ్ తెరూబియా, దుంపలు చెక్కుతూ, ఆ కబురు అతని చెవిన వేసింది.

"నీ మీద మాటొచ్చింది నాయనా."

"ఏం మాటవ్వా?"

"కమౌవా కడుపులో ఉన్నది నువ్వేనంట."

"నేనా?"

"నువ్వంటే నువ్వు కాదులే, నీ మంత్రం. నువ్వు మొత్తం ఎక్కడ పడతావు?"

"నువ్వూ నమ్ముతున్నావా?"

"ఎందుకు నమ్ముతాను? బాప్తిస్మం తీసుకున్నదాన్ని." ఒక దుంప తిప్పి చూసి పక్కన పెట్టింది. "మనవరాల్ని మాత్రం నీ చెట్టు వైపు పోవద్దన్నాను. మా తాత రోజుల్లో ఇలాంటివాణ్ణే పడవలో కూచోబెట్టి సాగనంపారు. ఆ మందుల పెట్టె తాళం ఇటు పడెయ్యి."

"ఎందుకు?"

"నీకు ప్రార్థన ఉంది. నేను చేతులు ముడుచుకు కూచోలేను."

తాళం ఇచ్చి మోకరించాడు. ప్రార్థనకు శక్తి ఉందని వారం వారం చెప్పింది తానే. దించు, దించు అని రోజుకు రెండుసార్లు అంత ఆర్తిగా అడిగితే, దేవుడు తొందరలో పక్కనున్న ముసలాయన్ని దించేయలేదు కదా? తాను నిర్దోషినని ఊరు నమ్మకపోవటం ఒక ఎత్తు. తనకే నమ్మకం సడలటం ఇంకో ఎత్తు.

సాయంత్రం కమౌవా మేనల్లుడు తబోకాయ్ వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఉపదేశిగారూ, మావయ్య కబురంపాడు. రేపు పొద్దున మా చెట్టెక్కి పాడాలంట. పడుకుని వింటాడంట."

"పాడలేకపోతే?"

"మా దగ్గర పాత పడవ ఒకటుంది."

"తెడ్డు?"

"తెడ్డు మాకు కావాలండి."

కమౌవా చెట్టు దీవిలోకెల్లా ఎత్తైనది. కొండలు లేని ఆ ఇసకనేల మీద, బైబిల్లోని కొండల గురించి పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడు ఇయోతెబా దాన్నే చూపించేవాడు. పొద్దున్నే దాని మొదట్లో ఊరంతా చేరింది. ఎక్కాడు. సగంలో గాలి మొదలై చెట్టు మెల్లిగా ఊగింది. పైకి వెళ్లి మట్టను చుట్టుకున్నాడు. ఒక వైపు సముద్రం, ఇంకో వైపు సముద్రం, కింద తాళ్లతో కట్టిన పాత పడవ. చదువుకున్న కీర్తనలన్నీ తల్లోంచి జారిపోయాయి. నోరు తెరిచాడు, గాలే వచ్చింది. మళ్లీ తెరిచాడు.

వచ్చింది, పిల్లలకు నేర్పే అక్షరాల పాట. కళ్లు గట్టిగా మూసుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా పాడాడు. అయిపోతే కిందికి చూడాల్సి వస్తుందని మళ్లీ మొదలెట్టాడు. ఒక్కో అక్షరం ముక్కలు ముక్కలుగా వణికింది. మూడో వరసకు, బడిలో అలవాటు కొద్దీ, కింద పిల్లలు అందుకున్నారు.

దిగాక కమౌవా లోపలికి పిలిపించి, అందర్నీ బయటికి పొమ్మన్నాడు.

"కూచో. నీ కాళ్లు నిలబడేలా లేవు. చెట్టంటే భయమా?"

ఇయోతెబా నేల చూశాడు. "అవును తాతా."

"ఏమాత్రం?"

"చావంత."

"మరి ఇన్నేళ్లూ నేను పాడింది ఎందుకనుకున్నావు?" ముసలాయన కడుపు పట్టుకుని పక్కకు ఒత్తిగిల్లాడు. "ఈ మాట మనియాబాలో అన్నావంటే, ఆ పడవ ఇంకా అక్కడే ఉంది."

ఆ సాయంత్రానికి కమౌవా కడుపు కదిలి ఉబ్బు తగ్గింది. లేచి కూచుని చేప అడిగాడు. ఉపదేశి పాటకు మంత్రం విరిగిందని ఊరంతా ఒప్పుకుంది. ఎవరి మంత్రమో ఎవరూ అడగలేదు. మర్నాడు పసిబిడ్డకు జ్వరమని ఒకామె వచ్చి, కాస్త చెట్టెక్కి రెండక్షరాలు పాడిపొమ్మని బతిమాలింది.

నేయ్ తెరూబియా మందుల పెట్టె తాళం తిరిగిచ్చేసింది. పెట్టెలో ఆముదం సీసా ఖాళీగా ఉంది.