చెదలు తినని పంక్తి

మా మనవరాలు వంశవృక్షం గీస్తోంది. కంప్యూటరులో ఒక్కొక్కరికి ఒక్కో గడి, గడిలో పుట్టిన తేదీ, పోయిన తేదీ. మొన్న వచ్చి పక్కన కూర్చుని, "తాతయ్యా, యుద్ధానికెళ్ళిన మీ బాబాయిగారు పోయిన తేదీ ఒక్కటే మిగిలింది. నీకేమైనా తెలుసా?" అంది. తెలియదన్నాను. ముసలితనంలో అబద్ధానికి ఒక సుఖముంది, మతిమరుపనుకుని వదిలేస్తారు. కానీ ఈ అబద్ధం అరవై ఏళ్ళ నాటిది.

దివిసీమలో మా ఊరికి మా తాతయ్య మునసబు. ఊళ్ళో పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ పుస్తకంలో రాసి పైకి పంపడం ఆయన పనుల్లో ఒకటి. బాబాయి ఆయన రెండో కొడుకు. పెళ్ళయిన ఏడాదికే ఇంట్లో చెప్పకుండా గుడివాడ వెళ్ళి పటాలంలో చేరిపోయాడు. బర్మా వైపు నుంచి మూడు ఉత్తరాలొచ్చాయి, నాలుగోది రాలేదు. అప్పటినుంచి సైకిలు బెల్లు వినపడితే చాలు, పిన్ని చేస్తున్న పని వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగి, మంట ఆరిపోయినా రాలేదు. పోస్టు జవాను మా గుమ్మం తొక్కకుండా తాతయ్యే రోజూ కాలవగట్టు దాకా ఎదురెళ్ళేవాడు. "ఏమీ లేదమ్మా" అని దూరం నుంచే కేకేసేవాడు. ఆ మాట విన్నాకగాని ఆవిడ లోపలికొచ్చేది కాదు. తల్లి లేని నన్ను పెంచింది ఆవిడే, కాబట్టి ఆవిడ భయం కూడా అన్నంతోపాటే నాకు వంటబట్టింది.

యుద్ధం ముగిసి పన్నెండేళ్ళయింది. అప్పటికి తాతయ్యా పోయాడు. ఊరు ఊరుకోదుగా, మనిషి రాకపోయినా బొట్టూ గాజులూ ఏమిటని గుసగుసలు. పదిమందినీ కూర్చోబెట్టి, ఆ తంతు కాస్తా జరిపించేద్దామన్నాడు నాన్న. ఆయన ఎదట ఎన్నడూ నోరెత్తని పిన్ని తలుపు వెనకనుంచి, "సర్కారు లెక్కలో పోయారని రాసుంటే మీరు చెప్పినట్టే పీట మీద కూర్చుంటానండీ బావగారూ. రాసి లేకపోతే మాత్రం నా జోలికి రావద్దు" అంది. అందరూ నావైపు చూశారు. అప్పుడే నాకు బందరులో కలెక్టరు ఆఫీసు గుమాస్తా ఉద్యోగం దొరికింది, ఊళ్ళనుంచి వచ్చిన పాత పుస్తకాల గది తాళం నా దగ్గరే ఉండేది. చదివించినందుకు ఇదీ ఫలితం అనుకున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

భయపడ్డవాడు దగ్గరి దారిన వెళ్ళడు. నేనూ అంతే, ముందు ఊరి బడికి వెళ్ళాను. హాజరు పట్టీలో బాబాయి మూడో తరగతి రెండేళ్ళు చదివాడు. నాన్న నాకు చెప్పిన కథలో ఆయన మహా తెలివైనవాడు. తర్వాత గుడివాడ. పటాలంలో చేరినవాళ్ళ జాబితాలో ఎత్తూ, ఛాతీ కొలతా, ఎడమ చెవి కింద పుట్టుమచ్చా ఉన్నాయి. వృత్తి అన్నచోట మోటారు డ్రైవరు అని ఉంది! మా బాబాయి ఎడ్లబండి తప్ప తోలి ఎరగడు. నవ్వొచ్చింది. ఆ కింద, కబురు ఎవరికి పంపాలి అన్నచోట తండ్రి పేరు లేదు, పిన్ని పేరుంది. నవ్వు ఆగిపోయింది. కబురంటూ వస్తే పిన్ని పేరునే వచ్చి ఉండాలి.

ఇక మిగిలింది నా గదే. మూడు రోజులు తాళం తియ్యలేదు. నాలుగోనాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక తీశాను. మా ఊరి మరణాల పుస్తకంలో ఒక్కో పేజీ తిప్పుతూ వెళ్ళాను. కలరా, జ్వరం, పాముకాటు, పురుడు. అన్నీ తాతయ్య గుండ్రటి అక్షరాలే. వాటి మధ్య, వరస నంబరు లేకుండా, ఒక పంక్తి. బాబాయి పేరు. చోటు, బర్మా. కారణం, యుద్ధం. ఊరిబయట పోయినవాణ్ణి ఊరి లెక్కలో రాయకూడదని ఆయనకి తెలియక కాదు. చెప్పినవారు అన్న గడిలో తండ్రి అని ఉంది. చెప్పిందీ తాతయ్యే, రాసిందీ తాతయ్యే. తేదీ చూశాను, తాతయ్య పోవడానికి ఎనిమిదేళ్ళ ముందుది. అంటే ఎనిమిదేళ్ళపాటు, పిన్ని పేరున వచ్చిన కాగితాన్ని ఎక్కడో దాచుకుని, ఆయన రోజూ కాలవగట్టు దాకా వెళ్ళి "ఏమీ లేదమ్మా" అన్నాడు. పుస్తకానికి అబద్ధం చెప్పలేకపోయాడు, కోడలికి నిజం చెప్పలేకపోయాడు. గోడకి చేరగిలబడి ఏడ్చాను.

ఆ శనివారం పడవలో కృష్ణ దాటుతుంటే అవతలి రేవులో పిన్ని కనిపించింది. ఎప్పుడూ అంత దూరం రాదు. కొంగు కింద రెండు చేతుల గాజులూ దాచుకుని నిలబడింది, నేను లాక్కుంటానన్నట్టు. దిగీ దిగగానే అడిగింది.

"దొరికిందా నాయనా?"

"ఆ ఏటి పుస్తకం చెదలు తినేసింది పిన్నీ. ఏమీ లేదు."

తాతయ్య మాట నా నోట వచ్చిందని అన్నాకగాని తెలియలేదు. పిన్ని నా మొహంలోకి చాలాసేపు చూసింది. చేతులు కొంగులోంచి బయటికి తీసి, నా సంచీ అందుకుంది. నాలుగడుగులు వేశాక, వెనక్కి తిరగకుండానే, "ఆ పుస్తకం మళ్ళీ ఎవరూ తియ్యరు కదా?" అంది.

"తియ్యరు" అన్నాను.

పిన్ని పండు ముసలిదై, రూపాయి కాసంత బొట్టుతో పోయింది. పునిస్త్రీగా పోయింది, ఎంత అదృష్టవంతురాలో అన్నారు ఊళ్ళో ఆడవాళ్ళు. నేను తలూపాను. మనవరాలితో ఆ గడి ఖాళీగా వదిలెయ్యమన్నాను. కాలం అన్నిటినీ తినేస్తుందంటారు గానీ, ఆ ఒక్క పంక్తి జోలికి మాత్రం ఇంకా రాలేదు. బహుశా నేను పోయేదాకా ఆగుతుందేమో.