పోలిని సాగనంపిన వీధి

నెల్లూరులో చలికాలమంటే చలి కాదు, వాన. ఆశ్వయుజంలో మొదలైతే కార్తీకం వెళ్లేదాకా ఒకటే ముసురు. నా చిన్నప్పుడు, అరవైల తొలినాళ్లలో, ఆ రెండు నెలలూ మా వీధి వీధిగా ఉండేది కాదు. మోకాలి లోతు నీళ్లు అరుగులను ఆనుకుని ఉండేవి. బట్టలు ఆరవు, జలుబు తగ్గదు. నేను మాత్రం అరుగు మీద బోర్లా పడుకుని, నీళ్లలో తలకిందులుగా కదిలే ఎదురింటి పెంకులను చూస్తుండేదాన్ని. కాసేపటికి మా ఇల్లే ఎక్కడికో మెల్లగా వెళ్తున్నట్టు ఉండేది. ఎక్కడికని అడగబుద్ధయ్యేది కాదు.

నాయన బడిపంతులు. ఆయనకు అర్జీల మీద ఉన్నంత గురి మా అవ్వకు దేవుడి మీద కూడా లేదు. ముసురు పట్టగానే మునిసిపాలిటీకి ఒకటి రాసేవాడు. అక్కడి మేస్త్రీ చూడడానికి వచ్చేది మాత్రం నడివేసవిలో. దుమ్ము లేస్తున్న వీధిలో గొడుగు వేసుకుని నిలబడి, "నీళ్లేవి అయ్యవారూ?" అనేవాడు. నీళ్లు నిలిచిన జాడ లేదని తర్వాత కాగితం వచ్చేది. నాయన దాన్ని భద్రంగా ఫైల్లో పెట్టి, మళ్లీ వానల కోసం ఎదురుచూసేవాడు. వీధి మొత్తంలో వాన కోసం ఎదురుచూసే మనిషి ఆయనొక్కడే.

ఒక ఏడు అవ్వ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అరుగు దాటి నడవలేదు. కార్తీకం వెళ్లిన మర్నాడు, పోలి పాడ్యమికి, తెల్లవారుజామునే పెన్నలో అరటిదొప్పల మీద దీపాలు వదిలి పోలిని స్వర్గానికి పంపడం కాపురానికొచ్చిన నాటినుంచీ ఆమె తప్పని పని. ఆ నీళ్లలోకి రిక్షా రాదు. అమ్మ గంగాళం నిండా నీళ్లు పెట్టింది. అవ్వ మూతి తిప్పుకుంది.

"దీంట్లో దీపం యాడికి పోతాది? చుట్టూ తిరిగి నా దగ్గిరికే వస్తాది. పోలి పోవాల గదా!"

చివరికి నాయన ఆమెను ఎత్తుకొచ్చి మెట్టు మీద కూర్చోబెట్టాడు. అవ్వ వీధి నీళ్లలోనే దీపం వదిలింది. కథలో అత్త నదికి తీసుకుపోకపోతే పోలి కూడా ఇంటిదగ్గరే కదా దీపం పెట్టింది! అది చూసి ఇరుగుపొరుగు ఆడవాళ్లూ వదిలారు. మసక చీకట్లో దీపాలన్నీ మా గుమ్మాల ముందునుంచి ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే, వీధికి ఎక్కడో చివర ఉందనీ, ఆ చివర మంచి చోటే ఉందనీ నాకు నమ్మకం కలిగింది.

అవన్నీ మూల దగ్గర ఒకేచోట ఆగిపోయాయి. నాయన పంచె ఎగ్గట్టి వెళ్లి చేయి పెట్టి చూశాడు. తూము నోట్లో అరటిబోదె, చిరిగిన చాప. లాగేశాడు. మధ్యాహ్నానికి వీధిలో నేల కనిపించింది. ఆరేళ్ల అర్జీలు చూపించలేని చోటు దీపాలు చూపించాయి. వీధంతా సంబరపడింది.

మరుసటి ఏడు ఎంత వాన పడినా గంటలో నీళ్లు పోయేవి. రిక్షా గుమ్మందాకా వస్తుంది గానీ, దాని కుదుపులకు ఓర్చుకునే ఓపిక అవ్వకు పోయింది. పోలి పాడ్యమి దగ్గరపడేకొద్దీ అవ్వ మాట్లాడడం తగ్గించేసింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "వచ్చే ఏటికి నేనుంటానో లేనో. పోలిని యాడ వదలాల్రా?" అంది. నాకు ఏడుపొచ్చింది.

పాడ్యమికి ముందురోజు సాయంత్రం నాయన పాత గోనెసంచి చంకన పెట్టుకుని, జల్లులోనే మూల వైపు వెళ్లాడు. నేను వెంటపడ్డాను. సంచి తూములో కుక్కి, పక్కన కొంచెం సందు వదిలాడు.

"నీళ్లు నిలవాల, దీపం కదలాల," అన్నాడు. "ఎవరితోనూ చెప్పబాకమ్మా."

తెల్లవారేసరికి నీళ్లు మెట్టుదాకా వచ్చాయి. అవ్వ మొహం విప్పారింది. దీపం వదిలి, వేలితో నీళ్లను అలా తోసింది. అది సగం దూరం వెళ్లిందో లేదో, ఎదురుగా ప్యాంటు మడుచుకుని మేస్త్రీ! కిందటేటి అర్జీ అప్పటికి కదిలిందట.

"నిజమే అయ్యవారూ!" అన్నాడు సంతోషంగా. "నీళ్లు నిలబడి ఉండాయి. ఇప్పుడే రాసుకుంటా."

నాయన దీపం వైపు చూశాడు.

"మాకేం ఇబ్బంది లేదు," అన్నాడు. "కొంచెం పక్కకు జరగండి. మా అమ్మ దీపం పోతా ఉంది."