జీడిమామిడి వైను

నౌపడలో గణపతిరావు ఇంటికి వెళ్లినవాళ్లు మంచినీళ్ల కంటే ముందు అతని వైను రుచి చూడాలి. జీడిమామిడి పళ్లు పిండి, జాడీలో పులియబెట్టి తనే చేస్తాడు. గాజు గ్లాసును తెల్ల తువ్వాలు ముందు పెట్టి, "మడ్డి లేదు, సూడండి" అంటాడు. గ్లాసు గుండ్రంగా తిప్పి, అందులో ముక్కు పెట్టి కళ్లు మూసుకుంటాడు. అవతల బస్సు వెళ్లిపోతున్నా ఆ కళ్లు తెరుచుకోవు. ఆ తర్వాత గ్లాసు వాళ్ల చేతికిచ్చి, "ఏటి వాసనొస్తంది, సెప్పండి" అని ప్రాణం తీస్తాడు. భార్య ఝాన్సీకైతే రోజూ ఇదే గోల. "ముగ్గిన పండు వాసన బావా, ఎన్నిసార్లు సెప్పాలి" అని విసుక్కుంటుంది.

మొన్న జాడీ మూత తీయగానే వీధి దాకా కుళ్లు కంపు కొట్టింది. గణపతిరావు ఎప్పటిలాగే గ్లాసులో ముక్కు పెట్టి, "ముగ్గిన పండు వాసన" అన్నాడు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న ఝాన్సీ అతని వంక అలాగే చూసింది. కరోనా తగ్గాక "ముక్కు బాగయిపోనాది" అని అతను చెప్పడం, ఆ ఏడాదే ఈ వాసనల ప్రశ్నలు మొదలవడం గుర్తొచ్చాయి. ఆ జాడీ పెరట్లో పారబోసి వచ్చి, ఇంకో జాడీలోంచి గ్లాసు నింపి, ఈసారి తనే ముందు వాసన చూసింది.

"ఒక్కసారే సెప్తాను, ఇనుకో" అని కసిరి, చాలాసేపు చెప్పింది.