తాళం వేసిన డీజిల్ మూత

మా సంఘంలో ఇరవై ఇద్దరం ఆడవాళ్లం. అధ్యక్షుడు మాత్రం మగాడు. ఇదేం చోద్యమని అడిగితే, బ్యాంకు కాగితాలు ఆడవాళ్లకు తెలియవని ఆయనే జవాబు చెబుతాడు. పేరు హమూంగా. సంఘం ట్రాక్టరును నాలుగేళ్లుగా నడుపుతున్నది మాత్రం ల్వేందో. మా మోంజె పట్నం చుట్టుపక్కల ఆడది ట్రాక్టరెక్కిందని మొదట పకపకా నవ్వినవాళ్లే, తర్వాత ఆమె వాకిట్లో గొంతుక్కూర్చుని, పెద్దలకు దండం పెట్టినట్టు మా పద్ధతిలో చేతులు చరిచి, మా పొలం ఎప్పుడు దున్నుతావమ్మా అని అడగడం మొదలుపెట్టారు.

ల్వేందో మొగుడు పోయిన వారానికే అతని అన్నదమ్ములు వచ్చి ఎడ్లను తోలుకుపోయారు. ఆనాడు ఒక్కడూ అడ్డం పడలేదు. ఆమెకు మిగిలింది ఆ ట్రాక్టరు సీటే. ఇద్దరు పిల్లల తిండీ దాని మీదే.

కిందటేడు నవంబరులో తొలివానలు పడ్డాయి. మొక్కజొన్న వేయడానికి అదను రెండు వారాలే. తడిసిన నల్లమట్టిలో నాగలి లోతుగా దిగితే ఇంజను డీజిల్ ఎక్కువ తాగుతుంది. పసిపిల్లకైనా తెలిసిన ఈ సంగతి మా అధ్యక్షుడికి తెలియలేదు. లెక్కకు మించి ఖర్చయిందంటే దొంగతనమే అని తేల్చేశాడు. ఆ మాట ఆమెను పిలిచి అడిగాడా? లేదు. సంతలో, పెద్ద గొంతుతో అన్నాడు.

"డీజిల్ తాగేది ట్రాక్టరు కాదర్రా! దాని మీద కూర్చునేది!"

మర్నాడే పట్నంలో వెల్డింగు చేసేవాడి దగ్గర ట్యాంకుకి కొత్త ఇనప మూత చేయించాడు. కింద టైరు ట్యూబు కత్తిరించి వేసిన రబ్బరు, పైన తాళం. తాళంచెవి తన మెడలో తాడుకి కట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి డీజిల్ పోసి, తాళం బిగించి పోయేవాడు.

ఆ రోజు నుంచే ట్రాక్టరుకు రోగం పట్టుకుంది. నలభై నిమిషాలు శుభ్రంగా దున్నేది. తర్వాత ఇంజను గొంతు పడిపోయి, కాసేపు ఆయాసపడి, చాలు మధ్యలో ఆగిపోయేది. ల్వేందో ఫిల్టరు కడిగింది. అయినా ఆగింది. కొత్త ఫిల్టరు వేసింది, గొట్టాల్లో నలక ఉందేమోనని నోటితో ఊది చూసింది. అయినా ఆగింది. పంపు దగ్గర బోల్టు వదులు చేసి లోపల చేరిన గాలి తీసేస్తే మళ్లీ స్టార్టయ్యేది, నలభై నిమిషాలకు మళ్లీ చచ్చేది. రోజుకు నాలుగు పొలాలు దున్నే బండి ఒక్కటి దున్నడానికి ఆపసోపాలు పడింది.

హమూంగాకు ఇంకేం కావాలి?

"చూశారా! దొంగతనం సాగినన్నాళ్లూ బండి పరుగులు పెట్టింది. తాళం పడేసరికి మొరాయిస్తోంది. తాళం తీయించడానికి ఆవిడ ఆడే నాటకం ఇది. శనివారం సభ పెట్టి దించేస్తాను. మా మేనల్లుడున్నాడు, వాడు నడుపుతాడు."

ఆ మేనల్లుడికి క్లచ్చేదో బ్రేకేదో తెలియదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అంతకన్నా మంట, మేమంతా తలూపినందుకు. అదను దాటిపోతోందన్న బెంగలో ఎవరో ఒకరు దొంగైతే బాగుండుననిపించింది మాకు.

శుక్రవారం నా పొలంలో బండి ఆగింది. ల్వేందో ఈసారి ట్యాంకు అడుగున గొట్టం ఊడదీసింది. పొద్దున నింపిన ట్యాంకు. అయినా డీజిల్ సన్నగా కారి ఆగిపోయింది. కాసేపటికి ఆ గొట్టంలోంచే గాలి గుడగుడమంటూ పైకెక్కింది. మళ్లీ కాస్త కారింది. ఆమె నా వైపు తిరిగింది.

"అక్కా, నూనె డబ్బాకి ఎన్ని చిల్లులు పెడతావు?"

"రెండు. ఒకటే పెడితే నూనె దిగి చావదు కదే."

"పాత మూతకి గాలి లోపలికి పోవడానికి సూదంత బెజ్జం ఉండేది. మన మహానుభావుడు దాన్ని తీసి పారేసి, గాలి చొరకుండా రబ్బరు బిగించాడు."

"అయితే పద, సుత్తి తెస్తాను. తాళం పగలగొడదాం!"

"వద్దు. పగలగొడితే దొంగనే అవుతాను. ఆయన చేత్తోనే తీయిస్తాను."

శనివారం ధాన్యం కొట్టు ముందు సభ. ల్వేందో పక్క పొలం దున్నుతూనే ఉంది. అందరూ చూస్తుండగా బండి ఆగింది. ఆమె దిగి వచ్చింది.

"పెద్దయ్యా, తాళం తియ్యి."

"ఎందుకు తియ్యాలి?"

"లోపల డీజిల్ ఉందో, నేను తాగేశానో జనం చూడొద్దా?"

తీయక తప్పలేదు. మూత వదులవగానే ట్యాంకు సుయ్యిమని గాలి పీల్చుకుంది. డీజిల్ సగానికి పైగానే ఉంది. ల్వేందో ట్యాంకు మూతి మీద పల్చటి గుడ్డ కట్టి, పంపులో గాలి తీసి, స్టార్టు చేసింది. రెండు గంటలు దున్నింది. ఒక్కసారీ ఆగలేదు.

హమూంగా ముఖం మాడింది. అంతలోనే ఇకిలించాడు.

"అబ్బో, మా మరదలికి ఎంత కోపమో! మాది ఏనుగు వంశం, మీది మేక వంశం. దొంగా అంటాం, దయ్యమా అంటాం. బావ వేళాకోళానికి అన్న మాట పట్టుకుంటారటే?"

మా దగ్గర ఆ రెండు వంశాలవాళ్లకీ పుట్టుకతోనే మేలమాడే వరస. ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకున్నవాళ్లదే తప్పు. ఎంత తెలివి చూడండి! అలవాటుకొద్దీ ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

ల్వేందో చేతులు తుడుచుకుంది.

"మేలమాడటం నాకు కొత్తా బావా? మీ నాన్న శవం పక్కన నువ్వు కూర్చున్నప్పుడు నిన్ను ముసలి కోతీ అన్నది నేనే. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వావు. మేలమంటే ఇద్దరూ నవ్వాలి. ఈ పది రోజుల్లో నేను నవ్వగా మీలో ఎవరైనా చూశారా?"

నవ్విన నోళ్లన్నీ మూతపడ్డాయి. హమూంగా మా ముఖాల్లోకి ఒక్కొక్కటిగా చూశాడు. చివరికి ఆమె ముందు గొంతుక్కూర్చుని చేతులు చరిచాడు.

"తప్పు నాదే. ఆమె దొంగ కాదు," అని గొణిగాడు.

"వినపడలేదు," అంది ల్వేందో.

మళ్లీ అన్నాడు.

"ఇంకా గట్టిగా."

ఈసారి రోడ్డున పోయేవాళ్లు సైకిళ్లు దిగి చూశారు.