గోనెసంచి ఇంజను

పెట్రోలు జీపులో డీజిలు ఇంజను ఎక్కించడం, అదీ గేరుబాక్సుతో సహా, దర్శి నుంచి కనిగిరి దాకా మా మెట్ట ప్రాంతంలో మొట్టమొదట చేసినవాణ్ణి నేనే. ప్లాను నాదే, కొలతలు నావే. ఒంగోలు నుంచి మెకానిక్కులు బస్సెక్కి వచ్చి, చేతులు కట్టుకుని చూసి, "ఇట్టా కూడా చెయ్యొచ్చా బాబాయ్!" అన్నారు. ఆ తర్వాత ఆ జీపు మోకాటి లోతు నల్లరేగడి బురదలో పడవలాగా పోయేది.

ఈ మాటలు ఎన్ని టీకొట్ల దగ్గర చెప్పానో నాకే గుర్తులేదు. ఇప్పుడు రాయబోతే చెయ్యి ఆగింది. నోటితో అన్నంత తేలిగ్గా కాగితం మీదికి రావడం లేదు. అందుకని ముందు కొంత గాలి తీసేస్తాను. మొట్టమొదట చేసింది నేను కాదు. తొంభైల చివర, నేను ఈ పని తలకెత్తుకునేనాటికే, కనిగిరి బస్టాండు ముందు కిరాయికి తిరిగే జీపుల్లో సగం డీజిలు ఇంజన్లతోనే నడుస్తున్నాయి. ఒంగోలు నుంచి వచ్చినవాడు ఒక్కడే. వాడూ మెకానిక్కు కాదు, మా మిల్లుకు బెల్టులు అమ్ముకునే మనిషి. ఇక పడవ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

జీపు మా అక్కది. బావ ఎప్పుడో వేలంలో పాడుకున్న పాత పెట్రోలు బండి. బావకు కళ్ళు మసకేశాక అక్కే నడిపేది. కుచ్చిళ్ళు పైకి దోపి, కొంగు నడుముకు చుట్టి, క్లచ్చు మీద కాలు వేసిందంటే ఊళ్ళో మగవాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు. మొదటి ఏడు నవ్వారు. రెండో ఏడు, మిరపకాయ కోతకు కూలీలను తెచ్చిపెట్టమని ఆ నవ్వినవాళ్ళే వచ్చి అడిగారు. బావ పక్కసీట్లో కూర్చుని, చప్పుడు విని, "ఇప్పుడు మార్చు" అనేవాడు. అక్క అప్పటికే గేరు మార్చేసి ఉండేది.

ఆ జీపుకు ఒక గుణం ఉంది. గేరుకడ్డీ పక్కన ఇంకో పొట్టి కడ్డీ ఉండేది. దాన్ని లాగితే వెనక చక్రాలతోపాటు ముందు చక్రాలకు కూడా లాగుడు వచ్చేది. మా పొలాలు నల్లరేగడి. ఎండితే నెర్రెలు, తడిస్తే బంక. వాన పడ్డ చేలోకి దిగిన బండి ఏదైనా అక్కడే కూలబడాలి. అక్క మాత్రం ఆ పొట్టి కడ్డీ లాగి, రంయ్‌మని దిగి, రంయ్‌మని ఎక్కి వచ్చేది.

అక్క కళ్ళం ఊరికి దూరంగా, చేను మధ్యలో ఉండేది. కోసిన మిరపకాయ అక్కడే ఎండబోసేవాళ్ళు. కప్పడానికి టార్పాలిన్ పట్టలు మాత్రం కళ్ళంలో ఉంచేవాళ్ళు కారు. ఉంచితే తెల్లారేసరికి మాయం. అందుకని పట్టలు ఎప్పుడూ జీపులోనే ఉండేవి. మబ్బు కమ్మిందంటే వాటితో సహా వెళ్ళి కప్పేసి రావడం. చినుకు పడ్డా, చేను తడిసినా, జీపు చేరి తీరుతుందని అక్క ధీమా. ఏడాది పంటంతా ఆ ధీమా మీదే ఎండబోసి ఉండేది.

"ఇది పెట్రోలు తాగట్లేదురా, మమ్మల్ని తాగుతంది" అంది ఒకరోజు అక్క. "డీజిలుది వేయిద్దాం. నీకు ఇంజన్లు తెలుసు గదా, ఆ సంగతేందో చూడు."

నాకు ఇంజన్లు తెలుసు. అంటే, జిన్నింగు మిల్లులో పత్తి గింజ తీసే యంత్రాలను తిప్పే ఆయిలింజను ఒకటుండేది. దాన్ని చూసుకోవడమే నా ఉద్యోగం. అది సిమెంటు దిమ్మె మీద బోల్టులతో బిగించి ఉండేది. నేను ఉద్యోగంలో చేరిననాటి నుంచి అంగుళం కదల్లేదు. కదలని ఇంజను గురించి నన్ను ఏమైనా అడగండి, చెప్తాను. కదిలేదాని గురించి అక్క అడగలేదు, నేను చెప్పలేదు. "నా మీద వదిలెయ్యక్కా" అన్నాను.

గుంటూరులో పాత సామాన్ల యార్డులో ఇంజను దొరికింది. అదీ నాలుగు చక్రాలు లాగే బండిదే గాని, వేరే రకం. దాని గేరుబాక్సు పక్కన ఒక ఇనప పెట్టె ఉంటుంది. ముందు చక్రాలకు పోయే షాఫ్టు ఆ పెట్టెలోంచే బయలుదేరుతుంది. అక్క జీపులో ఆ షాఫ్టు కుడిపక్కన పోతుంది. కాబట్టి కొత్తదాని పెట్టె కూడా కుడిపక్కనే ఉండాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఈ మాత్రం నాకూ తెలుసు.

అంత బరువు మోయించి తెచ్చాక పట్టకపోతే ఎట్లా అని నేనొక ఉపాయం పన్నాను. యార్డులో ఇంజను ముందు గొంతుక్కూర్చుని, నూలుతాడుకు ముడులు వేసుకుంటూ పొడవు, వెడల్పు, ఎత్తు పట్టుకొచ్చాను. మిల్లులో పాత గోనెలు తీసుకుని, ఆ కొలతలకు కత్తిరించి, గోనెసూదితో కుట్టాను. ముందు లావుపాటి పొట్ట, అది ఇంజను. వెనక తోక, అది గేరుబాక్సు. తోక పక్కన ఒక చిన్న సంచి, అది ఆ ఇనప పెట్టె. లోపల పత్తి చెత్త పోసి, మిరపకాయ టిక్కీ బస్తాలు తొక్కినట్టు కాళ్ళతో తొక్కి బిగించాను. సైకిలు వెనక కట్టుకుని దర్శిలో మెకానిక్కు షెడ్డుకు తీసుకుపోతుంటే, "ఎవర్ని చంపి మూటగట్టావయ్యా?" అని దారిపొడుగునా ఒకటే అడగడం.

మెకానిక్కు అప్పటికి పాత ఇంజను దించేసి ఉన్నాడు. ఖాళీ అయిన చోట్లో గోనె ఇంజను దించాం. కొలిచి కుట్టినట్టు, అంటే కొలిచే కుట్టాను గదా, అట్లా కూర్చుంది. పక్క సంచి కుడివైపు చక్కగా ఒదిగింది.

అక్కతోపాటు షెడ్డుకు వచ్చిన బావ దగ్గరికొచ్చి తడిమి చూశాడు. పొట్ట నొక్కాడు.

"బామ్మర్దీ, ఇది నొక్కితే లోపలికి పోతందే. రేపు ఇనుము కూడా ఇట్టాగే సర్దుకుంటదా?"

"కొలతలు నావి బావా. వెంట్రుకవాసి తేడా రాదు."

"దీనికి చీర కట్టి మూలన కూచోబెడితే మా ఆడబిడ్డ లెక్కనే ఉంటది" అంది అక్క. షెడ్డంతా నవ్వారు. నేనూ నవ్వాను. నా జన్మలో అంత గొప్పగా ఎప్పుడూ నిలబడలేదు.

ఆ ధైర్యంతోనే పాత ఇంజను, గేరుబాక్సు సింగరాయకొండ నుంచి వచ్చిన ఒకాయనకు అమ్మించేశాను. ఆయన ఆ పూటే లారీలో వేసుకుని పోయాడు.

గుంటూరు నుంచి అసలుది వచ్చింది. గొలుసులతో దించి నేల మీద పెట్టారు. అక్కా బావా టీ తాగడానికి రోడ్డవతలికి వెళ్ళారు. మెకానిక్కు దాని చుట్టూ ఒకసారి తిరిగి, నా మొహంలోకి చూశాడు.

"బాబాయ్, పెట్టె ఎడంపక్కన ఉందే?"

ఎడంపక్కనే ఉంది. యార్డులో చూసినప్పుడూ ఎడంపక్కనే ఉండి ఉంటుంది, ఇనుము పక్క మార్చుకోదు గదా. మార్చింది నేను. గోనెను ఎవరైనా లోపలివైపు బయటికి పెట్టే కుడతారు, కుట్టాక తిరగేస్తారు. నా చేతికి ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆ గోనెకు, యార్డులో చూసినట్టే, పక్క సంచి ఎడంవైపున అతికి కుట్టి, మొత్తం తిరగేశాను. చొక్కా తిరగేసి తొడుక్కుంటే జేబు అటుపక్కకు పోతుందే, అట్లా పెట్టె కుడివైపుకు వచ్చింది. జీపుకు సరిపోయింది కూడా. సరిపోయేసరికి ఇక నేను దేన్నీ అనుమానించలేదు.

మెకానిక్కు మంచివాడు. గొంతు తగ్గించి, "ఏం గాదులే. ఆ బండి ముందు యాక్సిలు కూడా యార్డులోనే పడి ఉంటది. అది తెప్పించి వేస్తే అన్నీ ఎడంపక్కకే వస్తయ్. కొంచెం పనెక్కువ, అంతే. అక్కగారికి ఒకమాట చెప్పు" అన్నాడు.

ఆ ఒకమాటే. దాని గురించే సిగ్గుపడుతున్నాను. సంచి తిరగేసి కుట్టినందుకు కాదు, అది ఎవరికైనా జరుగుతుంది. అక్క టీ తాగి కొంగుతో మూతి తుడుచుకుంటూ లోపలికొచ్చి, "అంతా సరిగ్గా ఉందా?" అని అడిగింది. నేను నోరు తెరిచాను. షెడ్డులో ఇంకా ఆ గోనె ఇంజను ఒక మూల కూర్చునే ఉంది. అందరూ నవ్వుతారనిపించింది, ఈసారి నన్ను చూసి.

"సరిగ్గా ఏంది, ఇంకా బాగుంది" అన్నాను. "ముందు చక్రాల లాగుడు తీసేయిస్తన్నా అక్కా. ఎక్కడా ఉంచట్లేదు ఈమధ్య. దండగ బరువు. అది తీసేస్తే డీజిలు కూడా కలిసొస్తది."

మెకానిక్కు తల వంచుకుని స్పానర్లు సర్దుకోసాగాడు.

"తీసేస్తే తడిసిన రేగట్లో పోద్దా?" అంది అక్క.

"ఇంజను బలం చూడు ఎంతుందో! వెనక చక్రాలే లాక్కుపోతయ్. పడవలాగా పోద్ది."

పడవ అన్న మాట అక్కడ పుట్టింది. అక్క కాసేపు ఇంజను వంక చూసింది. "సరే. నీకు తెలుసు గదా" అంది. నేను అక్కడే ఉండి ఆ పొట్టి కడ్డీని కోయించాను, చిల్లు కనపడకుండా రేకు వేయించాను.

చలికాలమంతా జీపు తారురోడ్డు మీద బ్రహ్మాండంగా తిరిగింది. డీజిలు తక్కువ తాగుతోందని అక్క పదిమందికి చెప్పింది. నేను ఎదురుగా ఉంటే, "మా తమ్ముడి ప్లానే" అనేది. నేను తల ఊపేవాణ్ణి. ఆ ఊపిన తల ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

కాయ సగం పైగా కళ్ళంలో ఉన్న రోజుల్లో వాన వచ్చింది. కాలం కాని కాలపు వాన. ఆ మధ్యాహ్నం నేను అక్క ఇంట్లో భోంచేస్తున్నాను. ఉరుము వినపడగానే అక్క కంచం ముందు నుంచి లేచింది. ముగ్గురం జీపెక్కాం. డొంక దాటేసరికే చినుకులు పెద్దవయ్యాయి. జీపు గట్టు దిగి చేలో నాలుగు బారలు పోయిందో లేదో, వెనక చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. అక్క ఎడమచెయ్యి స్టీరింగు మీంచి దిగి, ఆ పొట్టి కడ్డీ ఉండే చోటికి దానంతట అదే పోయింది. అక్కడ రేకు ఉంది. చెయ్యి ఒక్క క్షణం రేకు మీద అట్లాగే ఉండిపోయింది. అక్క నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

"నువ్వు దిగక్కా, నేను తీస్తా" అని స్టీరింగు తీసుకున్నాను. ఎంత రేజు చేస్తే అంత లోపలికి దిగింది, ఇరుసు నేలకు ఆనింది. అప్పుడు నేను కూడా దిగి, మోకాటి లోతు బురదలో నిలబడి, భుజం ఆనించి తోశాను. కదల్లేదు. ఇక లాభం లేదని పట్టలు నెత్తిన పెట్టుకుని ముగ్గురం నడిచాం. బంకమన్ను కాలికి అంటుకుని ఒక్కో అడుగూ పెరికి వేయాల్సి వచ్చింది. కళ్ళం చేరేసరికి వాన దాని పని అది చేసుకుపోయింది. కాయ కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి.

మళ్ళీ ఎండబోశారు. ఎరుపు రాలేదు. సగానికి పైగా తెల్లబారి తాలయింది. గుంటూరు మిర్చియార్డులో వ్యాపారి ఒక కాయ తీసి, విరిచి, వాసన కూడా చూడకుండా పడేశాడు. పక్కనే ఉన్న నేను, "ఏం చేస్తాం, అకాలవర్షం" అన్నాను.  మరుసటి ఏడు అక్క మిరప వేయలేదు, కంది చల్లింది. ఎందుకని నేను అడగలేదు.

ఇక్కడిదాకా రాసి, మొన్న అక్క దగ్గరికి తీసుకుపోయాను. సంచి సంగతి కాగితం మీదనైనా ఆమె ముందు ఒప్పుకోవాలనిపించింది. బావ పోయి చాలాకాలమైంది. అక్క వసారాలో కూర్చుని పచ్చడికి పండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను చదువుతున్నంతసేపూ చేతులు ఆగలేదు. సంచి తిరగేసిన చోట మాత్రం చిన్నగా, "ఓహో, అదా" అంది. చదవడం అయ్యాక కాగితాలు మడిచాను.

"ఏమంటావక్కా?"

"సంచి సంగతి ఇన్నేళ్ళకు చెప్పావు, సరే. ఆ దిగి తోశానని రాశావే, అది కొట్టెయ్."

"తోశాను గదక్కా, భుజం ఆనించి..."

"ఏం తోశావురా? నువ్వు స్టీరింగు వదల్లేదు. తోసింది నేనూ మీ బావానూ. ఆ మనిషికి కనపడక చక్రం వెనకమాలకు పోయి నిలబడితే, కేకేసి నేనే ఇవతలికి లాగా. పట్టలు మోసింది కూడా మేమిద్దరమే. ఒకటి ఆయన నెత్తినబెట్టి, కొంగు చేతికిచ్చి నడిపించుకుపోయా. మేం తిరిగొచ్చేసరికి నువ్వు జీపు పరదా దించుకుని సీట్లోనే కూచోనున్నావు. నీ పంచె అంచు కూడా తడవలేదు."