బావను అడగని సంతకం

లిఫ్టులు బాగుచేసే అతన్ని అందరూ లిఫ్టాయన అనే పిలిచేవారు. పగలంతా ఇనుప తాళ్లతో, గ్రీజుతో కుస్తీ. ఇంటికొచ్చాకైనా కుదురుగా ఉంటాడా అంటే లేదు, స్నానాలగదిలో కూర్చుని ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ ఉంటాడు. ఆ బిగింపుల్లోంచి ఒకసారి నిజంగానే పనికొచ్చే వస్తువు పుట్టింది. బకెట్ అంచుకు తగిలించి పిడిని మోచేత్తో నొక్కితే చాలు, తడిబట్ట రెండు రబ్బరు రోలర్ల మధ్య నలిగి నీళ్లన్నీ వదిలేస్తుంది.

అది అక్క కోసం చేశాడు. కీళ్లనొప్పులతో అక్క వేళ్లు కొయ్యబారిపోయాయి. తువ్వాలు పిండాలన్నా కళ్లలో నీళ్లు తిరిగేవి. అమ్మ పోయాక అతనికి తల దువ్వి బడికి పంపిన వేళ్లవి.

దీన్ని అమ్మవచ్చని తోచి వకీలును కలిశాడు. ముందు పేటెంటుకు దరఖాస్తు, ఆ తర్వాతే అమ్మకం అన్నాడు వకీలు. ఈలోగా ఎవరికి చూపించినా బయటపెట్టనని సంతకం తీసుకోమని కొన్ని కాగితాలు చేతిలో పెట్టాడు. ఇక చూడాలి మనవాడి జాగ్రత్త! స్నానాలగది కిటికీకి పాత పేపర్లు అంటించాడు. కుళాయి బాగుచేయడానికొచ్చిన మనిషి చేత లోపలికి అడుగుపెట్టకముందే సంతకం పెట్టించాడు. పక్కవాటా ఆవిడ బకెట్ అడగడానికొస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడి నానా మాటలు పడ్డాడు.

బావది ప్లాస్టిక్ సామాన్ల వ్యాపారం. తయారీకి ఎంతవుతుందో ఆయనకే తెలియాలి కదా అని అక్కనూ బావనూ ఇంటికి పిలిచాడు. బావ రోలర్లు తిప్పి చూస్తున్నంతసేపూ అతని చెయ్యి జేబులోని కాగితం దాకా వెళ్లి వెనక్కి వస్తూనే ఉంది. చివరికి అక్కను పక్కకు పిలిచి, సంతకం సంగతి నసిగాడు.

"మీ బావ దగ్గర సంతకమా? నీకు మతి గానీ పోయిందా?" అంది అక్క.

అతనికి సిగ్గేసింది. బావ ఆ నమూనాను సంచీలో వేసుకుని, దరఖాస్తుకు తొందరపడొద్దని, అచ్చులు పోసేవాళ్లతో తాను మాట్లాడాక అన్నీ ఒకేసారి చేద్దామని చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత ఎప్పుడడిగినా రేపు, మాపు. ఈలోగా ఇంకోటి చేసుకున్న లిఫ్టాయన తన వస్తువులోనే ఒక లోపం కనిపెట్టాడు. మందపు బట్ట వేస్తే రోలరుకే చుట్టుకుపోతోంది. తంటాలు పడి సరిచేసి, చెబుదామని ఫోన్ చేస్తే బావ ఎత్తలేదు.

ఒకరోజు ఏదో అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు బాగుచేసి తలుపు తీసేసరికి, ఒకావిడ కొత్త అట్టపెట్టెతో ఎదురుగా నిలబడి ఉంది. పెట్టె మీద బొమ్మను వంగి చూశాడు. రంగు ఒక్కటే వేరు, మిగతాదంతా తనదే. కింద బావ దుకాణం పేరు.

వకీలు వాకబు చేసి పెదవి విరిచాడు. దరఖాస్తు కూడా బావ పేరు మీదే పడిందట. ఆయన మీ దగ్గర చూసినట్టు సంతకమేదైనా ఉందా అని అడిగాడు.

"కుళాయి మనిషిది ఉందండీ" అన్నాడు లిఫ్టాయన.

పరాయివాడు దోచుకుంటే వీధిలో నిలబడి తిట్టిపోసేవాడు. ఇది నమ్మినచోట పడ్డ దెబ్బ, ఎవరికి చెప్పుకుంటాడు? అక్కకు మాత్రం తెలిసుండదులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఆ ఒక్క ఊరటా లేకపోతే అన్నం సహించేది కాదు.

తర్వాత అక్కే వచ్చింది. సంచీలో ఆ కొత్త వస్తువు, దాని రోలర్ల మధ్య ఇరుక్కుపోయిన తడి దుప్పటి. కాస్త చూడరా అంది. అతను స్క్రూడ్రైవర్ తెచ్చి ఒక మర విప్పాడు. అది అతనికి చిటికెలో పని. అక్క తనంతట తానే, కొన్నవాళ్లంతా వెనక్కి తెచ్చి పడేస్తున్నారని చెప్పింది. అతని చెయ్యి ఆగిపోయింది.

"బావ పంపాడా?"

అక్క సంచీలోకి చూస్తూ ఊఁ అంది.

"నీకు మొదట్నుంచీ తెలుసా అక్కా?"

"మనింట్లోదే కదా అనుకున్నాన్రా. ఎవరు అమ్మితే ఏంటి?"

ఒళ్లు మండిపోయింది. అక్క మీద ఇంత కోపం రాగలదని అతను కలలో కూడా అనుకోలేదు. దుప్పటిని మెల్లగా లాగి, విప్పిన మర మళ్లీ బిగించాడు. దుప్పటిని రెండు చేతులా మెలిపెట్టి చుక్క నీరు లేకుండా పిండి, మడిచి ఆమెకిచ్చాడు. వస్తువును ఉన్నదున్నట్టే సంచీలో పెట్టాడు.

"దీన్ని నేను బాగుచేయను. ఇకనుంచి నీ బట్టలు నేనే పిండుతాను" అన్నాడు. "ఎవరి చేతైనా పంపించు. నువ్వు రావద్దు."