ఓట్లనాడు మా వాకిట్లో పెద్దత్త

పోయిన శుక్రవారం అరకు సంతలో మా ఊరివాళ్లు కనిపించారు. పసుపు కొమ్ముల బుట్టలు దించుకుంటూనే, పెద్దత్త పోయిందని చెప్పారు. జ్వరమూ లేదు, మంచం పట్టడమూ లేదట. మధ్యాహ్నం అంబలి తాగి అరుగు మీద ఒరిగింది, మళ్లీ లేవలేదు. ఏమీ కొనకుండానే ఖాళీ సంచితో ఇంటికి వచ్చేశాను.

ఆవిడ నాకు రక్తబంధువు కాదు. హుకుంపేట దగ్గర కొండమీది ఊళ్లో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్క వెదురు దడి అడ్డం. కొత్తకోడలిగా ఆ ఊరు వెళ్లినప్పటి నుంచి పెద్దత్తా అనే పిలిచేదాన్ని. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. ఎవరైనా తగువులోకి లాగితే ఆ చుట్టను చూపించి ఊరుకునేది. తర్వాత నాతో, "నోట్లో నిప్పుంటే మాట బేగి రాదు గుంటా, అదే మంచిది" అనేది.

ఈ ఎనభైల మొదట్లో సర్పంచి ఎన్నికలు వచ్చాయి. మా ఆయనా, ఆవిడ కొడుకూ చిన్నప్పటి నుంచి జతగాళ్లు. చెరొక ఎద్దూ కలిపి కాడి కట్టి రెండిళ్ల పొలాలూ దున్నేవాళ్లు. నామినేషన్లు మాత్రం ఇద్దరూ వేశారు. పంతానికి పోయి ఎవరూ వెనక్కి తీసుకోలేదు. దాంతో ఊరు రెండైంది. పైవీధి వాళ్లు మా ఆయన వైపు, కిందవీధి వాళ్లు అతని వైపు చేరి పలకరించుకోవడం మానేశారు. ఎద్దులు ఎవరి సాలలో వాళ్లవి ఉండిపోయాయి. దుక్కి ఆగిపోయింది.

ఓట్లనాడు మా ఆయన తెల్లవారుతూనే ఓట్లు వేసే బడి దగ్గరికి వెళ్లిపోయాడు. నేను బాలవాడీలో సర్కారు పని చేస్తున్నందువల్ల అక్కడ తిరగకూడదన్నారు. ఓటు వేసి వచ్చి ఇంట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. బయట ఎవరు గట్టిగా మాట్లాడినా లేచి గుమ్మంలోకి వెళ్లి చూసేదాన్ని. ఓడిపోతాడన్న దిగులు కన్నా, సాయంత్రం ఈ ఇద్దరూ కొట్టుకుంటారేమోనన్న భయమే ఎక్కువ.

అప్పుడు వచ్చింది పెద్దత్త. వీధిలోంచి, అందరూ చూస్తుండగానే వచ్చింది. చంకలో అంబలి కుండ, నెత్తిమీద అడ్డాకుల కట్ట.

"ఏటి సేత్తన్నావు? ఏటైనా తిన్నావా?"

"మింగుడు పడట్నేదు పెద్దత్తా. నువ్విక్కడికొస్తే మీవోళ్లు ఏటంతారో."

"ఏటో అంతారు. ఇంట్లో కాలు నిలవనేదు నాకు. బయమేత్తంది గుంటా. ఒక్కదాన్నీ కూకోలేక వచ్చీసేను."

నాకు ధైర్యం చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. తన భయాన్ని దాచుకోకుండా తెచ్చి నా పక్కన కూర్చున్నది ఆవిడొక్కతే. ఇద్దరం ఒకే కుండలోది తాగాం. తర్వాత ఆకులు నా ముందు పరిచి, "ఇస్తర్లు కుట్టు. ఎవులు గెలిసినా రేత్రికి జనం తినాల గదా" అంది.

వెదురు పుల్లలతో ఆకుకు ఆకు గుచ్చుతూ కూర్చుంటే వీధిలో అరుపుల మీదికి ధ్యాస పోలేదు. ఓటు వేసి వెళ్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి ముందు వీధిలోనే ఆగారు. తర్వాత ఒకరొకరే వచ్చి చేరారు, పైవీధి వాళ్లూ, కిందవీధి వాళ్లూ. మాట్లాడుకోని రోజుల కబుర్లన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. ప్రచారంలో అరిచి అరిచి తన మొగుడి గొంతు పోయిందని, ఇల్లు హాయిగా ఉందని ఒకామె చెబితే పడి పడి నవ్వాం.

మధ్యలో పెద్దత్త కొడుకు తరఫు మనిషి వచ్చి, "ఈ ఇంట్లో కూకున్నావేటి పెద్దమ్మా?" అని గద్దించాడు.

"ఆకలేసి వచ్చినావేటి? కూకో, అంబలుంది" అంది. అతను కాసేపు గింజుకుని, చివరికి కూర్చుని తాగి వెళ్లాడు.

పొద్దు వాలుతుండగా బడివైపు డప్పులు మోగాయి. ఎవరి డప్పులో తెలియలేదు. పెద్దత్త నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి వేళ్లు నొప్పెట్టాయి. కొద్ది ఓట్ల తేడాతో ఆవిడ కొడుకే గెలిచాడని కబురొచ్చింది. పరుగున వెళ్తుందనుకున్నాను. ఆవిడ మా పొయ్యి వెలిగించి అన్నం వండి వార్చింది. తల వంచుకుని వచ్చిన మా ఆయన ముందు విస్తరి వేసింది.

"తినరా. ఆడు గెలిసేడు, ఇయ్యేల ఆడికి ఆకలి తెలీదు. నీకు తెలుస్తాది."

మా ఆయన ముద్ద కలుపుతూ కళ్లు తుడుచుకున్నాడు. అంతలో మెడలో దండతో తల్లిని వెతుక్కుంటూ వచ్చిన కొడుకు గుమ్మంలో ఆగిపోయాడు. ఆవిడ మా ఆయన పక్కన ఇంకో విస్తరి వేసింది. అతను దండ తీసి గుంజకు తగిలించి కూర్చున్నాడు. ఇద్దరూ విస్తళ్ల మీదే చూపు పెట్టి తిన్నారు. చివరికి మా ఆయనే, "పైమడి దుక్కి ఎప్పుడు?" అన్నాడు.

"రేపే. నీ ఎద్దు కాళీయేనా?"

పెద్దత్త అప్పుడు తన విస్తరి ముందు కూర్చుంది.

ఆవిడ ఓటు ఎవరికి వేసిందో ఆ తర్వాత ఎన్నోసార్లు అడిగాను. "సెప్పకూడదంట గదా" అని నవ్వేసేది.

నాకు అరకు బదిలీ అయ్యాక ఊరికి వెళ్లడం తగ్గింది. కిందటి చలికాలం వెళ్లినప్పుడు, వద్దన్నా వినకుండా బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. కొండవాలంతా వలిసె పూలు పసుపుపచ్చగా ఉన్నాయి. వాటి మధ్య కాలిబాట మీద, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని పైకి ఎక్కుతోంది. ఎదురుగా కట్టెల మోపుతో దిగుతున్న గుంటెవరినో ఆపింది. ఏం చెప్పిందో, ఆ పిల్ల మోపు దించి నవ్వడం మొదలుపెట్టింది. మలుపు తిరిగేదాకా వాళ్లిద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు.